జోన్ల జల్లెడలో రంజీ కప్పు

1974 మార్చిలో బెంగళూరు స్టేడియంలో, రంజీ సెమీఫైనల్లో, కర్ణాటక బౌలర్ ప్రసన్న బంతికి బొంబాయి ఆటగాడు గవాస్కర్ బౌల్డ్ అయ్యాడు. అప్పటికి పదిహేనేళ్ళుగా రంజీ ట్రోఫీ బొంబాయి దాటి పోలేదు. ఆ సెమీఫైనల్లో కర్ణాటక 385 పరుగులు చేసింది. విశ్వనాథ్ 162, బ్రిజేశ్ పటేల్ 106 కొట్టారు. బొంబాయి 307 దగ్గర ఆగిపోయింది. మ్యాచ్ డ్రా అయినా తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం కర్ణాటకను ఫైనల్‌కు చేర్చింది. జైపూర్‌లో రాజస్థాన్‌ను ఓడించి ఆ జట్టు మొదటిసారి కప్పు ఎత్తింది.

ఆ స్టేడియానికి పది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, హోసూరు రోడ్డు మీద ఉన్న బొమ్మనహళ్ళి అప్పటికి ఊరి బయటి పల్లె. బెంగళూరు మహానగర పాలికెలో అది కలిసింది 2007లో. కన్నడం, తెలుగు, తమిళం ఒకే వీధిలో వినబడే ఇలాంటి చోట దక్షిణ మండలం క్రికెట్ అంటే ఇరుగుపొరుగు పోటీయే. ఒక ఇంటికి కర్ణాటక సొంతం, పక్కింటికి హైదరాబాదు, ఎదురింటికి మద్రాసు. ఈ మూడూ గట్టి జట్లే. అయినా చాలాకాలం పాటు వాటిలో ఏటా ఒక్కదానికే ముందుకు వెళ్ళే అర్హత దక్కింది. ఆ నియమం ఎవరికి మేలు చేసింది, ఎవరిని ముంచింది అన్నది రంజీ చరిత్రలో పెద్ద ప్రశ్న.

పోటీ 1934 నవంబరు 4న చెపాక్‌లో మొదలైంది. మద్రాసు, మైసూరు (తర్వాతి కర్ణాటక) తలపడిన ఆ మొదటి మ్యాచ్ ఒక్క రోజులోనే ముగిసింది. ఎ.జి. రామ్ సింగ్ పదకొండు వికెట్లు తీశాడు. అప్పటి పద్ధతి నాకౌట్. ఒక్కసారి ఓడితే ఆ ఏడాది కథ అంతే. దేశాన్ని మొదట నాలుగు జోన్లుగా విడదీశారు. 1952-53లో సెంట్రల్ జోన్ వచ్చి చేరింది. రైలు ప్రయాణాల ఖర్చు, ఆటగాళ్ళ ఉద్యోగాలు చూసుకుంటే దగ్గరి ఊళ్ళ మధ్య ముందు ఆడించడం ఆనాడు సబబే. 1937-38లో హైదరాబాదు ఈ దారిలోనే వెళ్ళి ఫైనల్లో నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. ఐబరా అజేయంగా 137 చేశాడు.

1957-58 నుంచి జోన్ లోపల నాకౌట్ పోయి లీగ్ వచ్చింది. ఒక్క ఓటమితో ఇంటికి పోకుండా ప్రతి జట్టుకూ మరిన్ని మ్యాచ్‌లు దొరికాయి. అది మంచి మార్పే. కాని జోన్ నుంచి ముందుకు వెళ్ళేది మాత్రం విజేత ఒక్కటే. అన్యాయం సరిగ్గా ఇక్కడే పుట్టింది.

1958-59 నుంచి 1972-73 దాకా బొంబాయి వరుసగా గెలిచిన పదిహేను ఫైనల్స్‌లో ఎదుటి జట్లను చూడాలి. రాజస్థాన్ ఏడుసార్లు కనిపిస్తుంది. దక్షిణ మండలం నుంచి మైసూరు ఒకసారి, హైదరాబాదు ఒకసారి, మద్రాసు (పేరు మారాక తమిళనాడు) రెండుసార్లు. సలీం దురానీ, హనుమంత్ సింగ్ ఉన్న రాజస్థాన్ గొప్ప జట్టే, ఆ పేరును ఎవరూ తగ్గించనక్కర్లేదు. కాని సెంట్రల్ జోన్‌లో దానికి ఏటా ఎదురైన పోటీ, దక్షిణాన ఒకదాన్నొకటి నంజుకు తిన్న మూడు జట్ల పోటీ ఒకటి కావు.

హైదరాబాదు మాట మరీ బాధ కలిగిస్తుంది. జయసింహ కెప్టెన్. పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ, గోవిందరాజ్ అతని చేతికింద ఆడారు. ఆ జట్టుకు జయసింహ నాయకత్వంలో ఒక్క రంజీ కూడా దక్కలేదు. 1964-65లో ఫైనల్‌కు చేరితే ఎదురుగా బొంబాయి. మిగతా ఏళ్ళలో చాలాసార్లు దక్షిణం దాటడమే గండమైంది. దేశంలో రెండో మేటి జట్టో మూడో మేటి జట్టో అయివుండి కూడా, పక్కింట్లోనే ఇంకో మేటి జట్టు ఉన్నందుకు ఇంటిముఖం పట్టాల్సి వచ్చింది. అది ఆటలో ఓటమి కాదు, భూగోళం వేసిన శిక్ష.

ఇందుకు రుజువు కావాలంటే 1970-71 చాలు. ఆ సీజన్ నుంచి ప్రతి జోన్‌లో రెండో స్థానానికి కూడా నాకౌట్‌లో చోటిచ్చారు. ఆ మొదటి ఏడాదే ఫైనల్లో తలపడినవి బొంబాయి, మహారాష్ట్ర. రెండూ పశ్చిమ మండలానివే! పాత నియమమే ఉంటే వాటిలో ఒకటి జోన్ దగ్గరే ఆగిపోయేది.

దారి వెడల్పయినా, గట్టు దాటించే కొలబద్ద మాత్రం పాతదే. మ్యాచ్ తేలకపోతే తొలి ఇన్నింగ్స్‌లో ఎవరు ఎక్కువ కొట్టారో వాళ్ళే పైకి. 1982లో ఢిల్లీ కోట్లా మైదానంలో ఫైనల్ దీనికి పరాకాష్ఠ. కర్ణాటక 705 పరుగులు చేసింది. అంత చేసి ఓడిపోతామని ఎవరు అనుకుంటారు? ఢిల్లీ ఎనిమిది వికెట్లకు 707 చేసి కప్పు తీసుకుపోయింది. ఆట ఆరో రోజుకు సాగింది, రెండో ఇన్నింగ్స్ ఊసే లేదు. అయిదేళ్ళ తర్వాత, 1986-87లో, అదే ఢిల్లీని అదే నియమంతో ఓడించి హైదరాబాదు తన రెండో కప్పు గెలుచుకుంది. నియమం ఒక్కటే అయినా అది ఒకరిని ఏడిపించింది, ఇంకొకరికి పండగ చేసింది.

లీగ్ పట్టికలో పాయింట్లు సమానమైతే కోషెంట్ అనే లెక్క కూడా ఉంది. జట్టు ఒక్కో వికెట్‌కు చేసిన పరుగులను, ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులతో భాగిస్తారు. కాగితం మీద చక్కగానే ఉంటుంది. కాని ఎవరి మీద ఆ పరుగులు చేశారన్నది ఈ లెక్కకు తెలియదు. బలహీనమైన జట్టు మీద దంచిన పరుగులూ, గట్టి బౌలింగ్ మీద చెమటోడ్చిన పరుగులూ ఒకే ధరకు అమ్ముడుపోతాయి.

ఇదే చిక్కు అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను దశాబ్దాలుగా వేధిస్తోంది. అక్కడ 1998 నుంచి 2013 సీజన్ దాకా నిపుణుల ఓట్లు, కంప్యూటర్ లెక్కలు కలిపి ఫైనల్ ఆడే ఇద్దరిని తేల్చేవారు. 2004లో ఒక్క ఆటా ఓడని ఆబర్న్ ఆ ఇద్దరిలో లేదు. నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చాక కూడా, 2023లో పదమూడుకు పదమూడు గెలిచిన ఫ్లోరిడా స్టేట్‌ను కమిటీ పక్కన పెట్టింది. మరుసటి ఏడాది పన్నెండు జట్లకు పెంచారు. రంజీలో కమిటీ ఓటు లేకపోవడం మన అదృష్టం. ఇక్కడ ఏ తీర్పయినా కనీసం స్కోరుబోర్డు మీంచే రావాలి.

2002-03లో జోన్లు పోయాయి. ఎలైట్, ప్లేట్ అని బలాన్ని బట్టి రెండు అంతస్తులు కట్టారు. దక్షిణంలోని జట్లే ఏటా ఒకదానితో ఒకటి తలపడి అరిగిపోయే రోజులు ముగిశాయి. అయితే కింది అంతస్తు జట్లకు ఆ ఏడాది కప్పు ఆశ లేదు. 2008-09లో ఆ గోడకు కిటికీ పెట్టారు. ప్లేట్ నుంచి రెండు జట్లు క్వార్టర్ ఫైనల్‌లోకి రావచ్చు.

ఆ కిటికీలోంచే 2010-11లో రాజస్థాన్ దూరింది. ఆ సీజన్ మొదట్లో జైపూర్‌లో హైదరాబాదు 21 పరుగులకు ఆలౌట్ అయింది. రంజీలో అంత తక్కువ స్కోరు అంతకుముందు లేదు. దీపక్ చహర్ తన తొలి మ్యాచ్‌లో పది పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు తీశాడు. అప్పటికి హైదరాబాదు కూడా ప్లేట్‌లోనే ఉంది. కనిట్కర్ కెప్టెన్సీలో రాజస్థాన్ ఒక్కో మెట్టూ ఎక్కి, వడోదరలో బరోడాను తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో దాటి, ఎనిమిది ఫైనల్స్ ఓడిన తర్వాత మొదటి కప్పు అందుకుంది. మరుసటి ఏడాది మళ్ళీ గెలిచింది. కింది జట్లను ముందే లెక్కలోంచి కొట్టేసి ఉంటే ఈ చరిత్ర రాసేదెవరు?

వ్యతిరేక ఉదాహరణ కూడా ఉంది, అది దాచకూడదు. 2022 మార్చిలో కోల్‌కతాలో ప్లేట్ విజేత నాగాలాండ్‌తో ప్రీ క్వార్టర్ ఆడిన జార్ఖండ్ మొదట 880 చేసింది. ఆట డ్రాగా ముగిసేసరికి దాని ఆధిక్యం 1008. ఆ మ్యాచ్ ఎవరికీ ఏమీ నేర్పలేదు. ఆ తర్వాతి సీజన్ నుంచి ప్లేట్‌ను పూర్తిగా వేరు చేశారు. ఆరు జట్లు వాటిలో అవే ఆడి, 2024-25 దాకా ఫైనల్ ఆడిన రెండూ పైకి వెళ్ళేవి. ఆ ఏడాది కప్పుతో వాటికి సంబంధం లేదు.

ఆ సీజన్‌లోనే హైదరాబాదు కిందికి జారింది. 2023-24లో ప్లేట్ ఆడుతూ తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ చేశాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అదే అత్యంత వేగం. చివరికి 366 దగ్గర అవుటయ్యాడు. 1994లో ఆంధ్ర మీద హైదరాబాదు 944 చేసినప్పుడు ఎం.వి. శ్రీధర్ స్కోరు కూడా సరిగ్గా అంతే.

ఇక తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఇంకా రాజ్యమేలుతూనే ఉంది. 2025లో కేరళ క్వార్టర్ ఫైనల్లో జమ్మూ కాశ్మీర్ మీద ఒక్క పరుగు, సెమీస్‌లో గుజరాత్ మీద రెండు పరుగుల ఆధిక్యంతో మొదటిసారి ఫైనల్‌కు చేరింది. గుజరాత్ చివరి వికెట్ కేరళ ఫీల్డర్ సల్మాన్ నిజార్ హెల్మెట్‌కు తగిలి గాల్లోకి లేచిన బంతికి పడింది. సచిన్ బేబీ దాన్ని స్లిప్‌లో పట్టాడు. నాగపూర్ ఫైనల్లో విదర్భ 37 పరుగుల ఆధిక్యంతో కప్పు గెలిచింది.

అయిదు రోజుల ఆటలో ఫలితం తేలనప్పుడు ఏదో ఒక గీత గీయక తప్పదు, అది ఒప్పుకోవలసిందే. కాని గీత దాకా రానివ్వడం వేరు, పోటీలోకే రానివ్వకపోవడం వేరు. క్వార్టర్ ఫైనల్‌కు ముందు ప్లేట్ విజేతకూ, ఎలైట్‌లో చివరగా అర్హత పొందిన జట్టుకూ ఒక్క మ్యాచ్ పెడితే క్యాలెండర్‌లో అయిదు రోజులు పోతాయి. 2024 ఫిబ్రవరిలో ఉప్పల్‌లో మేఘాలయను ఓడించి ప్లేట్ గెలిచిన తిలక్ వర్మ హైదరాబాదు జట్టుకు ఆ ఒక్క మ్యాచ్ కూడా దొరకలేదు. రంజీ కప్పు కోసం ఆడాలంటే అది తర్వాతి సీజన్ దాకా ఆగాల్సి వచ్చింది.