వినిపించు గ్రంథాలయము

గ్రంథాలయమనగా చదువుకొన్నవారి కొఱకు పుస్తకములను భద్రపఱచు కొట్టుగది యని కొందఱి తలంపు. తెలుగునాట గ్రంథాలయముల చరిత్రను కొంచెము పరిశీలించినచో నీ తలంపు నిలువదు. చదువరులకు పుస్తకమిచ్చుటతోపాటు, చదువురానివారికి చదివి వినిపించుటయు, ఆ వినికిడిచే వారిని అక్షరముల వైపునకు మరల్చుటయు మన పెద్దలు గ్రంథాలయధర్మముగా నెంచిరి. నేడు పాడ్‌కాస్టు అను పేర వ్యాపించిన శ్రవణసాధనమును మన గ్రంథాలయములు తలిదండ్రుల సేవకు వినియోగింపవలెనా యను ప్రశ్నకు ఈ చరిత్రయే సమాధానము చెప్పగలదని మా నమ్మకము.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు మొదలగువారు దానికి మూలపురుషులు. మూడేండ్లకు, 1904లో, మా ఓరుగంటి సీమయందు హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. ఆనాటి స్థితి యెట్టిది? నిజాము రాజ్యమున 1901 జనాభా లెక్కల ప్రకారము అక్షరాస్యులు నూటికి సుమారు ముగ్గురు. స్త్రీలలో వేయికి పదిమందియైనను లేరు. రాజభాష ఉర్దూ, బడి చదువులోను ఉర్దూకే ప్రాధాన్యము. బిడ్డ చేతిలోని పుస్తకమును తల్లి చదువలేదు. దానిలోని భాష యింటిలో నెవరికిని మాతృభాష కాదు. ఇట్లు కన్నబిడ్డ చదువునకు తలిదండ్రులే పరాయివారైరి. తెలుగు పుస్తకమును, తెలుగు పత్రికను ఊరి నడుమ నిలిపిన భాషానిలయము లీ యగాధముపై వేసిన తొలి వంతెనలు.

ఈ నిలయపు తొలిదినములలో పాటుపడినవారిలో మాడపాటి హనుమంతరావుగారొకరు. వారే తరువాత 1928లో హైదరాబాదున తెలుగు బాలికల కొఱకు పాఠశాల నెలకొల్పుటకు పూనుకొనిరి. గ్రంథాలయమునకై శ్రమించినవారు బాలికల చదువునకును పూనుకొనుట కాకతాళీయము కాదు. తల్లికి అక్షరము రానిచో గ్రంథము ఇంటి గడప దాటి లోనికి పోజాలదు.

కోస్తా సీమలోను ఇదే తలంపు మఱొక రూపమున సాగెను. 1914లో బెజవాడయందు గ్రంథాలయ సేవకుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమేర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణము. నాటి గ్రంథాలయములలో రాత్రి బడులు నడచినవి. పత్రికలను బిగ్గఱగా చదివి వినిపించిరి. హరికథలును పురాణకాలక్షేపములును జరిగినవి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికచే పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువలో పడవపై గ్రంథాలయము నడచెను. పాఠకుడు రాలేనిచోట పుస్తకమే కదలవలెననియు, చదువలేనిచోట గొంతు తోడు రావలెననియు వారి మతము.

పిమ్మట రేడియో వచ్చెను. 1938లో మదరాసు కేంద్రము ప్రారంభమైనది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై తెలుగు బిడ్డలకు కథలును పాటలును అందించిరి. కాని రేడియో తన వేళకే పలుకును. ఆ వేళకు తల్లి పొయ్యి కడ నుండెనేని కథ దాటిపోవును. అమెరికాలో 1970 దశకమున పలు గ్రంథాలయము లీ కొఱతను టెలిఫోనుచే దీర్చిరి: బిడ్డ ఫోను చేసినపుడెల్ల రికార్డు చేసిన కథ వినబడెడిది. 2004 ప్రాంతమున పేరు పొందిన పాడ్‌కాస్టు ఈ త్రోవలోనిదే. మాటను రికార్డు చేసి ఇంటర్నెట్టులో నుంచుదురు. కోరినవారి ఫోనుకు క్రొత్త భాగము తనంత వచ్చును. తీరిక కలిగినపుడు వినవచ్చును.

చదువరులారా, ఓరుగంటి కొత్తవాడను తలపోయుడు. అచటి నేతవారు తివాచీలకును జంపఖానాలకును పేరుపొందినవారు. గ్రంథాలయము తెఱచియుండు వేళలలో ఆ తలిదండ్రులు పనిలో నుందురు. 2022-23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణలోని సర్కారు బడులలోను ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. నాడు ఉర్దూ నిలిచినచోట నేడు ఇంగ్లీషు నిలిచినది. బిడ్డ పుస్తకమునకు వెలుపల నిలిచిన తల్లి మాత్రము మారలేదు. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును చెల్లించువారిలో ఈ గృహస్థులును గలరు. తాము పోషించు సంస్థలో అడుగిడుటకు తీరిక లేనివారికి ఆ సంస్థ ఏమి బాకీపడియున్నదో మనము విచారింపవలదా? పాఠకుని కాలమును కాపాడవలెనని రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయశాస్త్ర సూత్రములలో నొకటిగా విధించిరి. కాలము మిక్కిలి కొఱతపడినది తలిదండ్రులకే గదా!

వారమునకు పది నిమిషములు చాలును. గ్రంథాలయాధికారి మన జిల్లా పలుకుబడిలో ఒక కథ చెప్పవలెను. దానిపై బిడ్డ నడుగదగిన రెండు ప్రశ్నలు తల్లికి నేర్పవలెను. ఆ పుస్తకము ఏ బీరువాలో నున్నదో తెలుపవలెను. తన బిడ్డతో పుస్తకమును గూర్చి ముచ్చటింపగల తల్లికి ఇంగ్లీషు రాకపోవుట అడ్డు కాజాలదు.

వినుట మరగినవారు చదువుట మానుదురని కొందఱి భయము. ఈ భయము నిరాధారమని మేమనము. వినిపించి ఊరకుండినచో అదియు కాలక్షేపమే యగును. ఫోనులో గొంతు వినబడుచున్నదని పఠనమందిరమునకు తాళము వేసినచో అది సేవ పేర జరుగు ద్రోహమగును. కాని పూర్వపు రాత్రి బడులలో పత్రిక విన్నవారు వినుటతో ఆగక అక్షరములు దిద్దుకొనిరి. గొంతు గుమ్మము వంటిది, పుస్తకము ఇల్లు. గుమ్మము లేని యింటిలోనికి ఎవరు పోగలరు? ఇల్లు లేని గుమ్మముతో నెవరికేమి పని?

కావున గ్రంథాలయ సంస్థలును, ఉపాధ్యాయులును, చదివిన గృహిణులును కలిసి ఈ పనికి పూనుకొందురుగాక. 1904లో హనుమకొండ పెద్దలు తమకున్న కొలది పుస్తకములతో ఆరంభించిరి. మన కంతకన్న సాధనసంపత్తి కలదు. వారికున్న పట్టుదలయే మనము సంపాదింపవలసియున్నది.