జూనియర్ డాక్టర్ల సంఘం: విజయవాడ, కృష్ణా డెల్టా

ప్రభుత్వ వైద్య కళాశాలల్లో చదువుతూనే బోధనాసుపత్రుల్లో రోగులకు వైద్యం చేసే హౌస్‌సర్జన్లు, పీజీ విద్యార్థులు తమ స్టైపెండ్, పనివేళలు, భద్రతల కోసం నిర్మించుకున్న సంస్థ ఆంధ్రప్రదేశ్ జూనియర్ డాక్టర్ల సంఘం. దీని సభ్యులను పత్రికలు ‘జూడాలు’ అని వ్యవహరిస్తాయి. ఎంబీబీఎస్ చివరి పరీక్ష ఉత్తీర్ణులై ఏడాదిపాటు తప్పనిసరి శిక్షణలో ఉండేవారు హౌస్‌సర్జన్లు కాగా, ఎండీ, ఎంఎస్ కోర్సుల్లో మూడేళ్లు పనిచేసేవారు పీజీలు.

డెల్టాలో ఈ సంఘానికి ఆయువుపట్టు విజయవాడలోని సిద్ధార్థ వైద్య కళాశాల. సిద్ధార్థ అకాడమీ 1980లో ప్రైవేటు సంస్థగా నెలకొల్పిన ఈ కళాశాల తరువాతి కాలంలో ప్రభుత్వపరమైంది; దాని అనుబంధ సర్వజనాసుపత్రికి డెల్టా పల్లెల నుంచే కాక పొరుగు జిల్లాల నుంచి కూడా రోగులు వస్తారు. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలో ఏర్పడడం, రాష్ట్ర విభజన తరువాత వైద్యవిద్య సంచాలకుల (డీఎంఈ) కార్యాలయం కూడా ఇక్కడికే చేరడంతో, సమ్మె నోటీసు ఇవ్వవలసిన చోటూ ధర్నా చేయవలసిన చోటూ ఈ నగరమే అయింది.

సంఘం చరిత్రంతటికీ మూలమైన చిక్కు ఒక్కటే: జూనియర్ డాక్టరు విద్యార్థా, ఉద్యోగా? బెంగళూరు నీటి సరఫరా సంస్థ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఆసుపత్రులను, విద్యాసంస్థలను ‘పరిశ్రమ’ నిర్వచనంలోకి తెచ్చినా, వీరికి అందేది జీతం కాక స్టైపెండ్, అంటే శిక్షణకాలపు భృతి. అందుచేత దాని పెంపు వేతన ఒప్పందంగా కాక ప్రభుత్వ ఉత్తర్వుగా, జీవోగా వెలువడుతుంది. అమెరికాలో ఇదే చిక్కును అక్కడి జాతీయ కార్మిక సంబంధాల మండలి 1999లో బోస్టన్ మెడికల్ సెంటర్ కేసులో పరిష్కరించి, శిక్షణలో ఉన్న వైద్యులు ఉద్యోగులేనని, వారికి యూనియన్ హక్కు ఉందని తీర్పు చెప్పింది. రాత్రంతా క్యాజువాలిటీని నడిపించేవారి పనిని పనిగా లెక్కించడమే న్యాయం. కేంద్ర ఆరోగ్యశాఖ 1992 జూన్‌లోనే రెసిడెంట్ల డ్యూటీ సాధారణంగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని ఆదేశించినా, పనిగంటల కోరిక నేటికీ డిమాండ్ల పత్రాల్లో కొనసాగుతూనే ఉంది.

సమ్మె మెట్లుమెట్లుగా సాగుతుంది: మొదట నల్లబ్యాడ్జీలు, ఆపైన ఓపీ బహిష్కరణ, తరువాత ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సల నిలిపివేత, అత్యవసర సేవల జోలికి వెళ్లడం చిట్టచివరి మాట. దీనికి ఎదురుగా ప్రభుత్వం చేతిలో సమ్మెను నిషేధించగల అత్యవసర సేవల నిర్వహణ చట్టం, అంటే ‘ఎస్మా’ ఉంటుంది. వైద్యులపై దాడులకు వ్యతిరేకంగా సాగిన ఆందోళనల నేపథ్యంలో 2008లో వచ్చిన వైద్యసేవకుల రక్షణ చట్టం దాడి చేసినవారికి మూడేళ్ల వరకు జైలుశిక్షను నిర్దేశించింది.

2019 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ బిల్లుకు వ్యతిరేకంగా విజయవాడలో జూడాలు రోడ్డెక్కారు. కోవిడ్ రెండో విడతలో, 2021 జూన్ 9న మొదలైన సమ్మె చర్చల దరిమిలా త్వరగానే ముగిసింది. 2022 అక్టోబరులో సమ్మె ఒత్తిడి నడుమ స్టైపెండ్ 15 శాతం పెరిగి, హౌస్‌సర్జన్లకు రూ.19,589 నుంచి రూ.22,527కు, పీజీ మొదటి ఏడాదివారికి రూ.44,075 నుంచి రూ.50,686కు చేరింది. కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలి హత్యాచారం తరువాత 2024 ఆగస్టులో ఓపీ సేవల బహిష్కరణ జరిగినప్పుడు, రాత్రి డ్యూటీలో మహిళా వైద్యుల భద్రత కోర్కెల్లో ముందుకు వచ్చింది.

నాయకులు కోర్సు ముగియగానే వెళ్లిపోతారు గనుక సంఘం పగ్గాలు బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు మారుతుంటాయి. ఒక బ్యాచ్ చర్చల్లో సాధించుకున్న హామీని జీవోగా రాబట్టే బాధ్యత తరచుగా తరువాతి బ్యాచ్‌పై పడుతుంది.