మూడు వందల బారల కింద



ఇరవై ఏళ్ళ కిందటి మాట. నేను బడిలో చేరిన కొత్త. గోపాల్‌పూర్ రేవు నుంచి వచ్చే ఒక జాలరి కుర్రవాడు క్లాసులో లేచి అడిగాడు: "మాస్టారూ, మా నాన్న తాడు అందనంత లోతులో ఏముంటుందండీ?"

అక్కడ వెలుతురు లేదు, పైన కొండంత నీటి బరువు. "ఏ ప్రాణీ ఉండదురా, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. నేను చెప్పింది తప్పని తరువాత చదువుకుంటే తెలిసింది. నాకన్నా చాలా పెద్దవాళ్ళు కూడా ఆ తప్పు చేశారు. ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

1841లో ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బీకన్ అనే ఓడలో ఏజియన్ సముద్రానికి వెళ్ళాడు. గ్రీసుకూ టర్కీకీ నడుమ ఉన్న సముద్రమది. ఇనుప చట్రానికి సంచి కట్టి సముద్రపు అడుగున ఈడ్చి, ఏ లోతులో ఏ జీవులున్నాయో రాసుకున్నాడు. లోతు పెరిగేకొద్దీ జీవులు తగ్గుతూ వచ్చాయి. ఈ లెక్కన 300 బారల దగ్గర, అంటే సుమారు 550 మీటర్ల దగ్గర, ప్రాణమన్నదే ఉండదని తేల్చాడు. నిజానికి ఆయన సంచి దిగింది 230 బారలే. మిగిలినది ఊహ. ఆ ఊహే పాఠమై కూర్చుంది. అంతకుముందే, 1818లో, జాన్ రాస్ అనే నావికుడు ఉత్తరాన బాఫిన్ అఖాతంలో ఇంకా లోతు నుంచి జీవులను పైకి తెచ్చాడు. ఆ సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1860లో సార్డీనియా దీవి నుంచి అల్జీరియాకు మధ్యధరా సముద్రంలో వేసిన టెలిగ్రాఫ్ తీగ చెడిపోయింది. బాగుచేయడానికి పైకి లాగితే, 2,000 మీటర్ల లోతున పడివున్న ముక్కలకు జీవులు అంటుకుని ఉన్నాయి. సంచిలో వచ్చినవైతే పైనీళ్ళలో పడ్డాయేమో అనవచ్చు. తీగ మీదే పాతుకుని పెరిగినవాటిని ఏమనగలం? పారిస్‌లో వాటిని పరీక్షించి 1861లో లోకానికి చెప్పినవాడు ఆల్ఫాన్స్ మిల్న్ ఎడ్వర్డ్స్. అప్పటికి పాతికేళ్ళ యువకుడు.

ఆయన చేతికే తరువాత ఇంకో వింత వచ్చింది. అమెరికా వారి బ్లేక్ అనే ఓడ మెక్సికో సింధుశాఖలో 955 బారల లోతు నుంచి తీసిన జీవి అది. 1879లో ఆయన దానికి బాతినోమస్ జైగాంటియస్ అని పేరు పెట్టాడు.

దాని ఆకారం తెలియాలంటే మీ పెరట్లో తడి ఇటుక ఒకటి ఎత్తి చూడండి. బూడిదరంగు వీపు, దాని మీద పలకలు పలకలుగా పెంకు. కొన్ని తాకితే ఉండ చుట్టుకుంటాయి. పిల్లలు రోకలిబండ అనుకుంటారు. కాళ్ళు లెక్కపెట్టమనండి: 7 జతలే. ఇది రొయ్యకూ పీతకూ చుట్టం. మనం ఇంట్లో రొయ్య అంటాం, బడిలో ఒడియాలో చింగుడి అంటాం, ఆ కుటుంబమే. కాళ్ళన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి గనుక, సమపాదులు అనే అర్థంలో ఐసోపాడ్లు అన్నారు. నేల మీదికి వచ్చినా దీనికి నీటి అలవాటు పోలేదు. తేమ లేకపోతే బతకదు. తల్లి తన పొట్ట కింది సంచిలో, తడిలోనే, గుడ్లను మోస్తుంది.

రేవు బండల మీద మన అలికిడికి పరుగెత్తేవీ ఈ జాతివే. చేప నోట్లోనో మొప్పల్లోనో అంటుకుని దాని రక్తంతో బతికేవీ ఉన్నాయి. మన జాలర్లు వాటిని ఎరుగుదురు.

బాతినోమస్‌ది అదే ఒడ్డూ పొడుగూ, కాకపోతే అడుగు దాటి పెరుగుతుంది. పైనుంచి పడే చచ్చిన చేపలూ తిమింగలాల కళేబరాలూ దాని ముఖ్యమైన తిండి. ఆ తిండి ఎప్పుడు పడుతుందో తెలియదు. అందుకే దొరికినప్పుడు కడుపునిండా తిని, ఆపైన ఓర్చుకుంటుంది. జపాన్‌లోని తోబా అక్వేరియంలో ఒకటి 2009 జనవరిలో తిన్న తరువాత మళ్ళీ ముట్టలేదు. 2014 ఫిబ్రవరిలో చనిపోయింది. అయిదేళ్ళు దాటిన ఉపవాసం!

ఇదంతా ఎక్కడో దూరాన జరిగిన కథ అనుకోకండి. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ మన గంజాం తీరానికి ఎదురుగా కూడా వలలు వేసింది. 1888 నుంచి 1892 దాకా ఆ ఓడలో డాక్టరుగా, ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ ఆ అనుభవాలను 1902లో పుస్తకంగా రాశాడు. ఆ కాలంలోనే మన సముద్రాల లోతుల్లోనూ బాతినోమస్ దొరికింది. 1908లో కలకత్తా ఇండియన్ మ్యూజియం ప్రచురణలో ఆర్. ఇ. లాయిడ్ దాని లోపలి శరీర నిర్మాణాన్ని వివరించాడు. అప్పట్లో దాన్ని కూడా అమెరికా వైపు దొరికిన జాతే అనుకున్నారు. వేరే జాతులని 2006లో తేల్చారు. అంటే లెక్క ఇంకా సవరించుకుంటూనే ఉన్నారన్నమాట.

మొన్న రేవులో ఆ కుర్రవాడు కనిపించాడు. ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు. "ఆనాడు నీకు తప్పు చెప్పానయ్యా" అని ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "మా నాన్న కూడా ఏమీ ఉండదని అనలేదండీ మాస్టారూ. తాడు అందలేదు, తెలియదురా అనేవాడు" అన్నాడు.

ఇప్పుడు నా క్లాసులో ఆ ప్రశ్న వస్తే నేనూ అలాగే మొదలుపెడుతున్నాను.