తాళంచెవి లేని లాకులు

విజయవాడ వన్ టౌన్‌లో ఆటో ఎక్కి ‘లాకుల దగ్గరికి పోనీ’ అంటే డ్రైవరు అడిగే ప్రశ్న ఒక్కటే: బందరు లాకులా, ఏలూరు లాకులా? తలుపుకు వేసేదీ కాలువ మీద కట్టేదీ రెండూ ఇంగ్లీషువాడికి ‘లాకే’. మల్లయోధుడి పట్టూ, తుపాకీలో మందు అంటించే భాగమూ కూడా వాడికి లాకే. కృష్ణా డెల్టా మాత్రం తలుపుకు తాళాన్ని ఉంచుకుని, లాకును కాలువకు అప్పగించింది.

ఈ మాట ఇక్కడ స్థిరపడింది ఆనకట్ట తర్వాత. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య కృష్ణ ఇరుకైన చోట 1852లో ఆనకట్ట పని మొదలైంది, 1855కి పూర్తయింది. ఆలోచన వెనక ఆర్థర్ కాటన్ ఉన్నాడు, దాన్ని కెప్టెన్ చార్లెస్ ఆర్ దగ్గరుండి కట్టించాడు. కాటన్‌కు కాలువ అంటే చేలకు నీరొక్కటే కాదు, సరుకు దారి కూడా. రైలు కన్నా పడవే ఈ దేశానికి చవకని జీవితాంతం వాదించిన మనిషి ఆయన.

చిక్కల్లా నేల వాలుతో వచ్చింది. డెల్టా సముద్రం వైపు మెల్లగా దిగుతుంది. కాలువను ఆ వాలుకే వదిలేస్తే నీళ్లు ఉరికి గట్లు కోస్తాయి, పడవ ఎదురెక్కలేదు. అందుకని కాలువను మెట్లు మెట్లుగా తవ్వి, మెట్టు మెట్టుకీ ఒక లాకు కట్టారు. రెండు జతల తలుపులు, మధ్య తొట్టి. దిగువ నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరాక వెనక తలుపులు మూస్తారు. ఎగువ నీటిని చిన్న తూముల్లోంచి లోపలికి వదులుతారు. నీటితోపాటే పడవా పైకి లేస్తుంది. రెండు మట్టాలూ సమానమయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఆ తలుపుల జత ఎగువకు మొన తిరిగేలా కలుస్తుంది కాబట్టి నీటి ఒత్తిడే వాటిని బిగించి పట్టుకుంటుంది. గడియా లేదు, తాళంచెవీ లేదు. ఇలాంటి తలుపుల ఆలోచనను ఇటలీలో లియొనార్డో డావిన్చికి ఆపాదిస్తారు. తొట్టి లాకు అంతకన్నా పాతది, చైనాలో చియావ్ వెయ్యూ 984లోనే కట్టించాడు.

పడవల రోజుల్లోనే మాట తన హద్దు దాటింది. లాకు పక్కనే చేలకు నీళ్లు వదిలే రెగ్యులేటరు ఉంటుంది. దాని షట్టర్లనూ జనం లాకులే అన్నారు. ‘లాకులెత్తారు’ అంటే నారుమడికి నీళ్లొస్తున్నాయని అర్థం. ఎత్తే మనిషి లస్కరు. పారశీకంలో సైన్యం అనే అర్థమున్న మాట, ఓడల్లో కళాసీ అయి, చివరికి మా కాలవ గట్టు మీద ఉద్యోగానికి చేరింది!

మిగతా లాకులన్నీ మూసేవే. మిల్లుకు లాకౌటు, మనిషికి లాకప్పు, 2020 మార్చిలో దేశానికంతటికీ లాక్‌డౌను. సినిమావాళ్లు కథ ‘లాకయింది’ అన్నారంటే ఇక మార్పుల్లేవని. మెడలో లాకెట్టుకూ ఇదే వంశం, దాని పాత ఫ్రెంచి రూపానికి చిన్న గడియ అని అర్థం. ఒక్క డెల్టాలోనే లాకు మాట వినగానే రైతు ముఖం వికసిస్తుంది. కాలవలకు నీళ్లు కట్టేశారంటే దిగులు పడేదీ ఆ రైతే.

పడవల సంగతి వేరు. కృష్ణ మీద రైలు వంతెన 1893లో తెరుచుకుంది. అంతకు ముందు ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, 1876–78 కరువులో కూలి పనిగా కొంత భాగం తవ్వించిన బకింగ్‌హాం కాలువ వంటివి కలిసి కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటి దారి ఏర్పడింది కాని, సరుకు మెల్లమెల్లగా రైలెక్కింది. 1952లో పాత ఆనకట్టకు గండి పడింది. 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ మీద రోడ్డు కూడా వేశారు. లారీకి దారి దొరికాక గూటి పడవకు బేరం తగ్గింది. 1960లు, 70ల తుపాన్లు బకింగ్‌హాం కాలువను పూడ్చి మిగిలిన పని పూర్తి చేశాయి. నాకైతే తుపాన్లకన్నా లారీ మీదే అనుమానం ఎక్కువ.

పడవ పోయినా పేరు పోలేదు. దుగ్గిరాల లాకులు, సీతానగరం లాకులు అని వినేవాడికి ఇప్పుడవి బస్సు దిగే చోట్లు. రాఘవయ్య పార్కు పక్కన బందరు లాకులంటే ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తే కూడలి.

2008లో ఈ కాలువలనే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అందులో సరుకు నడవాలంటే ముందు మళ్లీ కట్టుకోవలసింది లాకులనే. పాతవాటి తొట్లు గూటి పడవల కొలతకు కట్టినవి, ఈనాటి బార్జీలు వాటిలో పట్టవు.