తెరవని పునరుద్ఘాటన

కోలారు జిల్లాలో తెలుగింట పుట్టి కన్నడ బడికి వెళ్లినవాళ్లకు ‘ఉద్ఘాటన’ ముందుగా ఎదురయ్యేది శిలాఫలకం మీద. బస్టాండుకో పాల డెయిరీకో మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తే కన్నడంలో అది ‘ఉద్ఘాటనె’. అదే మనిషి తెలుగు పేపరు తిరగేస్తే మంత్రిగారు ఏదో ‘ఉద్ఘాటించారు’ అని ఉంటుంది. ఏం తెరిచారా అని చూస్తే ఏమీ లేదు, గట్టిగా చెప్పారు, అంతే.

పాత అర్థానికి కన్నడమే దగ్గర. సంస్కృతంలో ఉద్ఘాటనమంటే మూసినదాన్ని తెరవడం. బావిలో నీళ్లు తోడే ఘటీయంత్రానికీ అమరకోశం ఈ పేరే చెప్పింది. మూత తీస్తే లోపలిది బయటపడుతుంది. బయటపెట్టడం నుంచి చాటడానికి, అక్కణ్ణుంచి నొక్కి చెప్పడానికి తెలుగులో ఈ మాట నడిచి ఉండాలి. ‘ఘాటు’తో దీనికి చుట్టరికం లేదు, చెవికి మాత్రం ఉన్నట్టే ఉంటుంది.

ఇంగ్లీషు ‘రీఇటరేట్’ కోసం తెలుగు పేపర్లు దీనికే ‘పునర్’ తగిలించాయి. కన్నడ పేపర్లు ‘పునరుచ్చరిసు’తో, అంటే మళ్లీ పలకడంతో, సరిపెట్టుకున్నాయి. ఇంగ్లీషు మాటలోనే ‘మళ్లీ’ రెండుసార్లుంది: లాటిన్ ‘ఇటెరుమ్’ అన్నా మళ్లీయే, ముందున్న ‘రీ’ అన్నా మళ్లీయే. మనవాళ్లు ‘మరోసారి పునరుద్ఘాటించారు’ అని రాసి బాకీ తీర్చుకున్నారు. నన్నడిగితే ‘నొక్కి వక్కాణించు’ వీటన్నిటికంటే నయం. ‘వ్యాఖ్యానం’ ప్రాకృతంలో నలిగి నలిగి వక్కాణమైంది, నోట్లో తిరుగుతుంది.

కోలారు బంగారు గనుల ఊరైన కేజీఎఫ్‌లో మాత్రం ‘పునరుద్ఘాటన’ రెండర్థాలూ ఎదురెదురుగా నిలబడతాయి. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన ఈ గనులు, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకుని, ఛాంపియన్ రీఫ్ దగ్గర 3 కిలోమీటర్లు దాటిన లోతుకు దిగాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. గనులు తెరిపిస్తామన్న మాటను నాయకులు అప్పట్నుంచీ పునరుద్ఘాటిస్తూనే ఉన్నారు. సంస్కృతం లెక్కన పునరుద్ఘాటనకు అర్థమే మళ్లీ తెరవడం! చుట్టుపక్కల తెలుగు పల్లెల్లో ఇంత సంధి అక్కర్లేదు, ‘చెప్పిందే చెప్తా ఉండారు’ అంటే సరిపోతుంది.

పంపులు ఆగాక షాఫ్టుల్లోకి నీళ్లు చేరాయి. నిజంగా తెరవాలంటే ముందు కావలసింది అమరకోశం చెప్పిన ఉద్ఘాటనమే: ఆ నీళ్లు తోడాలి.