కోబుర్గ్ ఊరి ముద్ర

మంట దగ్గరికి జరగండ్రా, చలి ముదిరింది. ఒరే చిన్నోడా, ఆ పుల్ల కాస్త లోపలికి తొయ్యి. నేను కోబుర్గ్‌లో ఉద్యోగం చేసినప్పటి ముచ్చట చెప్తాను.

జర్మనీలో, బవేరియాకి ఉత్తరపు కొసన ఉంటుందా ఊరు. మా తాత దాచుకున్న పాత రూపాయి మీద విక్టోరియా రాణి ఉండేది చూడు, ఆవిడ మొగుడు ఆల్బర్ట్ అక్కడి రాజవంశం వాడే. ఆ దేశంలో ఏ చిన్న ఊరికైనా సొంత ముద్ర ఉంటుంది. డాలు ఆకారం, దాని మీద ఎలుగుబంటో, తాళంచెవో, బండి చక్రమో. పండగొస్తే ఆ బొమ్మలతో పొడుగాటి జెండాలు నిలువునా వేలాడదీస్తారు. చాలావాటిని చూసి బాగుందనుకుని పోయేవాణ్ణి. ఇక్కడ మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. పసుపు డాలు మీద నల్లటి మనిషి తల, చెవికి పోగు! రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత చూసినా అదే తల.

మనవాడేమోనని సంబరపడకండి. ఈజిప్టు నుంచి వచ్చిన రోమన్ సేనాని, సెయింట్ మారిస్. తోటి క్రైస్తవుల్ని చంపమంటే నావల్ల కాదన్నాడట, దాంతో ఆయన్నే చంపేశారని కథ. మాగ్డెబుర్గ్ అనే ఇంకో ఊళ్ళో, పెద్ద చర్చిలో 1240 ప్రాంతంలో ఆయన్ని గొలుసు కవచం తొడిగిన నల్లజాతి యోధుడిగా చెక్కారు. ఎంత ఠీవిరా ఆ విగ్రహానిది! కోబుర్గ్‌కి ఆయనే రక్షకుడు. పాత చర్చీ ఆయన పేరిటే ఉంది.

టౌన్‌హాల్ నెత్తిన కూడా ఆయన విగ్రహం ఉంది, చేతిలో ఓ కర్ర. ఊళ్ళో అమ్మే సాసేజ్ ఆ కర్రంత ఉండాలి, కాల్చకముందు 31 సెంటీమీటర్లు. పైన్ కాయల మంట మీద కాల్చి చిన్న బన్నులో పెడితే రెండు పక్కలా బయటికే ఉంటుంది. మీ నానమ్మ ఆ దరిదాపులకి కూడా వచ్చేది కాదనుకో.

మా ఫ్యాక్టరీలో ఓ ముసలి ఫోర్‌మన్ ఉండేవాడు. ఆయన బళ్ళో చేరినప్పుడు ఊరి ముద్రలో తల ఉందట, చదువు అయ్యేసరికి కత్తి ఉందట. నాజీలకి నగరపాలక సభలో మొట్టమొదట మెజారిటీ వచ్చింది ఆ ఊళ్ళోనే, 1929లో. 1931 జనవరిలో టౌన్‌హాల్ మీద స్వస్తిక జెండా ఎక్కింది, హిట్లర్ గద్దెనెక్కడానికి రెండేళ్ళ ముందే. అలాంటివాళ్ళకి నల్లమనిషి తల కింద బతకడం నామోషీ కాదూ? 1934లో తీసిపారేసి, పిడి మీద స్వస్తిక గుర్తున్న కత్తి పెట్టారు. 1945లో వాళ్ళు ఓడిపోయారు, మారిస్ మళ్ళీ డాలు ఎక్కాడు.

కథ అక్కడితో ఆగిందా అంటే, లేదు. ఆ లావు పెదాలూ, ఉంగరాల జుట్టూ, పోగూ నల్లవాళ్ళని వెక్కిరించేలా ఉన్నాయి, తీసెయ్యండని 2020లో సంతకాలు సేకరించారు. మా రక్షకుణ్ణి తీస్తే ఊరుకోమని ఇంకో వర్గం సంతకాలు పెట్టింది. అప్పట్లో నాతో పనిచేసిన ఒకడు ఫోన్ చేసి, "నువ్వే చెప్పు, ఆ బొమ్మ చూసి నీకు కష్టమనిపించిందా?" అని నిలదీశాడు. తల ఉంచండి, బొమ్మ మాత్రం మాగ్డెబుర్గ్ విగ్రహంలా మళ్ళీ గీయించండి అన్నాను. వాడికి నచ్చలేదు. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేసినప్పుడల్లా అదే గొడవ.