రక్తంలోని కొవ్వు – మతిమరుపు: నూరేళ్ళ అన్వేషణ

విశ్రాంత జీవితం గడుపుతున్న మనందరికీ లోలోపల ఒక భయం ఉంటుంది. మతి తప్పితే ఎలా అని. కన్నబిడ్డల పేర్లు, రోజూ నడిచే దారి మరచిపోయే స్థితిని మన పెద్దలు చాదస్తమని సరిపెట్టుకునేవారు. అది వ్యాధి అని, దానికి రక్తంలోని కొవ్వుతో సంబంధం ఉందని తెలియడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ చరిత్ర మన సభ్యులు తెలుసుకోదగ్గది.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో 51 ఏళ్ళ ఆగుస్టె డేటర్ అనే స్త్రీని డాక్టర్ అలాయిస్ అల్జీమర్ పరీక్షించారు. 1906లో ఆమె మరణించాక మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, అందులో మచ్చలను, ముడిపడిన పోగులను చూశారు. నరాల కణాలకు ఆసరాగా ఉండే కణాల్లో కొవ్వు చేరి ఉండటం కూడా గమనించారు. 1910లో క్రేపెలిన్ తన గ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టారు. కొవ్వు సంగతి మాత్రం చాలాకాలం మరుగున పడింది.

కొవ్వు నీటిలో కలవదు. మరి రక్తంలో ఎలా ప్రయాణిస్తుంది? 1929లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మాషెబెఫ్ గుర్రపు రక్తరసం నుంచి కొవ్వు, మాంసకృత్తు కలిసిన పదార్థాన్ని వేరు చేశారు. అదే లైపోప్రోటీన్, కొవ్వును మోసే పడవ వంటిది. 1950 ప్రాంతంలో కాలిఫోర్నియాలో జాన్ గోఫ్‌మన్ అతివేగంగా తిరిగే యంత్రంతో వీటిని సాంద్రతను బట్టి విడదీశారు. మన రిపోర్టుల్లో కనిపించే ఎల్.డి.ఎల్., హెచ్.డి.ఎల్. అనే పేర్లకు మూలం ఆ విభజనే.

మెదడు బరువు శరీరంలో నూటికి 2 వంతులే. కాని ఒంట్లోని కొలెస్టరాల్‌లో సుమారు 20 వంతులు అక్కడే ఉంటుంది. రక్తంలోని ఎల్.డి.ఎల్. మెదడులోకి దాదాపుగా చేరదు. తనకు కావలసినది మెదడే తయారు చేసుకుంటుంది. అక్కడ దానిని మోసే ముఖ్యమైన మాంసకృత్తు అపోలైపోప్రోటీన్-ఇ. 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అలెన్ రోజెస్ బృందం, దీని ఇ-4 రకం జన్యువు ఉన్నవారికి అల్జీమర్ వ్యాధి ముప్పు ఎక్కువని కనుగొన్నది. అయితే ఆ జన్యువు ఉన్నవారందరికీ జబ్బు రాదు, లేనివారికి రాకుండానూ పోదు.

2001లో ఫిన్లండ్ పరిశోధకులు 1,449 మందిని సగటున 21 ఏళ్ళ తర్వాత తిరిగి పరీక్షించారు. నడివయసులో కొలెస్టరాల్ 250 మిల్లీగ్రాములు దాటినవారికి వృద్ధాప్యంలో ఈ వ్యాధి ముప్పు సుమారు రెట్టింపుగా కనిపించింది. 2007లో హోనోలులు పరిశోధన మరో చిక్కు విప్పింది. జబ్బు బయటపడటానికి ఏళ్ళ ముందునుంచే కొలెస్టరాల్ తగ్గడం మొదలవుతుందట. ముసలితనంలో చేసిన పరీక్షలు అయోమయపు ఫలితాలివ్వడానికి ఇదొక కారణం.

మరి మాత్రలు మింగితే సరిపోతుందా? 2002లో బ్రిటన్‌లో 20,536 మందిపై సిమ్వాస్టాటిన్‌తో జరిగిన పరీక్షలో గుండెపోటు, పక్షవాతం తగ్గాయి గాని, మతిమరుపు వ్యాధిలో తేడా కనిపించలేదు. అయిదేళ్ళ చికిత్స అందుకు చాలలేదా, వయసు మించాక మొదలుపెట్టడమా అన్నది ఇంకా చర్చలోనే ఉంది.

2024లో లాన్సెట్ పత్రిక కమిషన్, మనం మార్చుకోగల 14 ముప్పు కారణాల జాబితా ప్రకటించింది. నడివయసులో ఎల్.డి.ఎల్. ఎక్కువగా ఉండటాన్ని అందులో కొత్తగా చేర్చింది. నూటికి సుమారు 7 కేసులకు దీనితో సంబంధం ఉండవచ్చని అంచనా. రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, వినికిడి లోపం కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

ఈ చరిత్ర వల్ల మనం గ్రహించవలసినవి రెండు. గుండె కోసం డాక్టరు రాసిన మాత్రలను, మతికి పనిచేయలేదట అని సొంతంగా మానరాదు. రెండవది, ఈ పుట ముఖ్యంగా చదవవలసినది నలభైల్లో ఉన్న మన పిల్లలు. పెన్షను కోసం సర్వీసులో ఉండగానే ఏళ్ళు లెక్కపెట్టుకున్నాము. మతిని కాపాడుకోవడానికీ అప్పటినుంచే కూడబెట్టాలి. ఇంట్లో ఎవరికైనా మాట తడబడి, దారి తప్పుతుంటే చాదస్తమని విసుక్కోక, వెంటనే వైద్యునికి చూపించవలసిందిగా మనవి.